ఒడ్డున ఉండేవాడి నుంచి, ఒంటరిగా వెళ్ళేవారికి

తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవలో, అంటే కయాక్‌లో, ఒంటరిగా మహాసముద్రం మీదికి వెళ్ళడానికి సిద్ధమవుతున్న మిత్రులందరికీ,

నేను సముద్రం దాటినవాణ్ణి కాను. తీరం వెంబడి వారం పది రోజుల ప్రయాణాలు చేశాను, అంతే. కానీ మీలాంటివారు ముగ్గురు బయలుదేరినప్పుడు వాళ్ళకోసం ఒడ్డున కూర్చున్నాను. పొద్దున్నే గాలి, అల ఎలా ఉండబోతున్నాయో చూసి రెండు ముక్కల్లో పంపడం, సాయంత్రం వాళ్ళెక్కడున్నారో పటం మీద గుర్తు పెట్టడం, ఇంట్లోవాళ్ళు ఫోన్ చేస్తే ఉన్నది ఉన్నట్టు చెప్పడం నా పని. మేం దాన్ని ‘ఒడ్డు మనిషి’ పని అంటాం. ఆ ఒడ్డు మనిషిగానే మీకు ఈ లేఖ రాస్తున్నాను.

మీరు సిద్ధమయ్యే తీరు దగ్గరుండి చూశాను. కయాక్ ఎంత పొడవుండాలి, తెడ్డు ఆకు ఎంత వెడల్పుండాలి, రోజుకి ఎన్ని కిలోమీటర్లు లాగగలం, భుజాలకి ఏ వ్యాయామం మంచిది అని నెలల తరబడి మాట్లాడుకుంటారు. అవన్నీ కావలసినవే. ఆ మాటల్లో ఒక కాగితం గురించి మాత్రం ఎవరూ ఎత్తరు. ఈ లేఖంతా ఆ కాగితం కోసమే. అది లేక ఏం జరిగిందో ముందు చెబుతాను.

నేను ఒడ్డున కూర్చున్న రెండో ప్రయాణం అది. నా స్నేహితుడు ఇరవై రోజుల దారి పెట్టుకుని బయలుదేరాడు. రోజూ సాయంత్రం ఆరింటికి శాటిలైట్ ద్వారా ఒక చిన్న సందేశం పంపాలని అనుకున్నాం. పదకొండో రోజు సందేశం రాలేదు. పటం మీద అతని ట్రాకర్ చూపించే చుక్క మధ్యాహ్నం ఎక్కడ ఆగిందో అక్కడే ఉంది. ఏడయింది, తొమ్మిదయింది. బ్యాటరీ అయిపోయి ఉంటుందనుకున్నాను. తెల్లవారింది. మబ్బు పట్టి ఉంటుంది, సోలార్ ప్యానెల్ పనిచేసి ఉండదనుకున్నాను. అతని భార్య ఫోన్ చేసి, “అన్నయ్యా, ఎన్ని గంటలు చూద్దామనుకున్నారు మీరిద్దరూ?” అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. మేమెప్పుడూ అది మాట్లాడుకోలేదు.

31 గంటలయ్యాక గాలింపు కేంద్రానికి ఫోన్ చేశాను. అవతల ఉన్న అధికారి ఎంతో ఓపికగా ఒక్కొక్కటే అడిగారు. కయాక్ పైభాగం ఏ రంగు? పసుపు. అడుగుభాగం? తెలుపు. ఆయన ఒక్క క్షణం ఆగి రాసుకున్నారు. బోల్తా పడిన కయాక్‌కి ఆకాశం నుంచి కనిపించేది అడుగుభాగమే. విరిగే అలల నురుగులో తెల్లటి అడుగుని వెతకడం ఎలాంటిదో ఆ క్షణంలో నాకు అర్థమయింది. ఒంటిమీద జాకెట్ ఏ రంగు? తెలియదు. ఆపదలో శాటిలైట్‌కి కేక వేసే బీకన్ ఉందా? ఉంది. దాని 15 అక్షరాల గుర్తింపు సంఖ్య? నా దగ్గర లేదు. మంచినీళ్ళు ఎన్ని రోజులకి ఉన్నాయి? రోజూ వేసుకునే మందులేమైనా ఉన్నాయా? సీ యాంకర్ వేసుకున్నాడా, ఊరికే కొట్టుకుపోతున్నాడా? ఈ చివరి ప్రశ్న మీద గాలింపు లెక్కంతా ఆధారపడి ఉంటుంది. నీళ్ళలో గొడుగులా విచ్చుకునే ఆ పారాచూట్ లంగరు వేసి ఉంటే కయాక్ ప్రవాహం పోయినట్టు పోతుంది. లేకపోతే గాలి తోసినట్టు పోతుంది. రెండూ వేర్వేరు దిక్కులు కావచ్చు. గంటలు గడిచేకొద్దీ వెతకాల్సిన నీళ్ళు రెండింతలు, మూడింతలు అవుతాయి.

ఆ చుట్టుపక్కల పోతున్న ఒక సరుకు ఓడని దారి మళ్ళించారు. నేను ఫోన్ పెట్టేసిన మూడు గంటలకి అతని సందేశం వచ్చింది. పరికరం ఛార్జింగ్ రంధ్రంలోకి ఉప్పునీళ్ళు వెళ్ళాయట. ఆరబెట్టి, తుడిచి, చివరికి పని చేయించాడు. మనిషి క్షేమం. ఓడ మళ్ళీ తన దారిన వెళ్ళింది. ఒడ్డుకి వచ్చాక ఇద్దరం కూర్చుని మాట్లాడుకుంటే ఒక సంగతి బయటపడింది. మూడు రోజుల వరకు నేను కంగారు పడనని అతను అనుకున్నాడు. ఒక్కరోజు దాటితే చాలు కంగారు పడాలని నేను అనుకున్నాను. ఇద్దరం ఎవరికి వారు అనుకుని ఊరుకున్నాం.

అందుకే నేను మిమ్మల్ని అడిగేది ఇది. నలభయ్యో రోజున పడవలో తీసుకోవాల్సిన నిర్ణయాలు ఇప్పుడే, ఒడ్డున, కడుపునిండా తిని కంటినిండా నిద్రపోయిన రోజున తీసుకోండి. వాటిని కాగితం మీద పెట్టి ఒడ్డు మనిషి చేతికివ్వండి. నలభయ్యో రోజున ఆ పడవలో ఉండే మనిషికి మీ పేరే ఉంటుంది గానీ మీ బుద్ధి ఉండదు. రాత్రికి రెండు మూడు ముక్కలుగా నిద్రపోయి, తడి బట్టల్లో పుండ్లు పడి, ఎవరితోనూ మాట్లాడక, అనుకున్నదానికన్నా పది రోజులు వెనకబడి ఉంటాడు. అతనికి ఒక చిన్న తప్పు తప్పులా కనిపించదు. తిరిగిపోవడం అవమానంలా కనిపిస్తుంది. అలాంటివాడి చేతిలో మీ ప్రాణం పెట్టేటప్పుడు, ఏం చెయ్యాలో ముందే రాసిచ్చి పంపండి.

మనసుని ముందుగా సిద్ధం చేయాలన్న మాట కొత్తదేమీ కాదు. 1956లో హానెస్ లిండెమన్ అనే జర్మన్ డాక్టరు కానరీ దీవుల్లోని లాస్ పాల్మాస్ నుంచి మడత కయాక్‌లో బయలుదేరి, తెరచాప సాయంతో 72 రోజుల్లో కరీబియన్‌లోని సెయింట్ మార్టిన్ చేరారు. దారిలో రెండుసార్లు బోల్తా పడ్డారు. ఒకసారి చీకట్లో పడవని తిప్పలేక, తెల్లారేదాకా తలకిందులైన పడవనే పట్టుకుని ఉన్నారు. ఆయన బయలుదేరడానికి నెలల ముందు నుంచే ఆటోజెనిక్ ట్రైనింగ్ అనే పద్ధతిలో కొన్ని మాటలు మనసులో నాటుకున్నారు. సాధిస్తాను, పడమర వదలను, ఎవరి సాయమూ తీసుకోను అని. మెలకువ లేని స్థితిలో కూడా ఆ మాటలు తమ పని చేయాలన్నది ఆయన ఉద్దేశం. ఆ డాక్టరుగారి మీద నాకు గొప్ప గౌరవం ఉంది. కానీ ఆ మూడో మాటని మీరు నాటుకోవద్దు. ఆయన కాలంలో బీకన్లు లేవు, సాయమంటే ఎదురైన ఓడ ఎక్కేయడమే, ఆ ఆశని జయించడానికి ఆయనకి ఆ మాట కావలసి వచ్చింది. మీకు కావలసింది వేరు: ఏ స్థితిలో సాయం అడుగుతానో నాకు తెలుసు, ఆ స్థితి వస్తే అడిగేస్తాను.

ఇక కాగితంలో ఏం ఉండాలో చెబుతాను. ఎక్కువసేపు కూర్చోవాల్సింది ఇక్కడే.

పటం తీసుకుని మీ దారిని మూడు భాగాలు చేయండి. మొదటిది, మీ తెడ్డుతో మీరే వెనక్కి రాగల భాగం. రెండోది, మీరు రాలేరు గానీ హెలికాప్టర్ రాగల భాగం. అది తీరం నుంచి కొన్ని వందల కిలోమీటర్లే ఉంటుంది, వెళ్ళి వెతికి మనిషిని ఎత్తుకుని తిరిగి రావడానికి ఇంధనం సరిపోవాలి కదా. మూడోది, దగ్గర్లో ఏ ఓడ ఉంటే ఆ ఓడే దిక్కయిన భాగం. అక్కడ సాయం రావడానికి ఒక రోజు పట్టవచ్చు, మూడు రోజులూ పట్టవచ్చు. వచ్చాక కూడా, ఇరవై ముప్పై అడుగుల ఎత్తున్న ఇనుప గోడ పక్కన, పైకీ కిందికీ ఊగే అలల్లో, తాడు నిచ్చెన పట్టుకుని ఎక్కాలి. అలిసిపోయిన మనిషికి ఆ నిచ్చెనే అన్నిటికన్నా పెద్ద గండం.

ఇలా గీత గీసుకుంటే ఒక విషయం కళ్ళకి కడుతుంది. ఒకే లోపం మూడు చోట్ల మూడు రకాలు. సముద్రపు నీటిని మంచినీళ్ళు చేసే యంత్రం మోటారు మూడో రోజున మొరాయించిందనుకోండి. చేతిపంపు ఉంది కదా, నెట్టుకొద్దామనిపిస్తుంది. కానీ మీరింకా మొదటి భాగంలోనే ఉన్నారు. అక్కడ తిరిగి రావడం అంటే ఒక వారం పోవడం, అంతే. అదే లోపం యాభయ్యో రోజున వస్తే నెట్టుకు రావడమే సరైన పని. అంటే మొదటి భాగంలో మీరు చాలా కఠినంగా ఉండాలి. ఒడ్డు కనిపిస్తున్నప్పుడు చిన్నదానికి కూడా వెనక్కి తిరగాలి. అప్పుడే ఎవరికీ తిరగబుద్ధి కాదు. సాగనంపినవాళ్ళ చప్పట్లు ఇంకా చెవుల్లో ఉంటాయి.

సాయం అడగడం ఓటమి కాదనడానికి ముగ్గురి సంగతి చెబుతాను. సిరిల్ డెర్రెమో 2021లో ఒంటరిగా కయాక్‌లో కాలిఫోర్నియా నుంచి హవాయికి బయలుదేరారు. కొద్ది రోజుల్లోనే వాతావరణం విషమించి, సీ యాంకర్ ఇబ్బంది పెట్టి, పడవ మీద అదుపు తప్పడంతో సాయం అడిగారు. కోస్ట్ గార్డ్ హెలికాప్టర్ వచ్చి ఆయన్ని ఎత్తుకుంది. మరుసటి ఏడాది, 2022లో, అదే పడవలో కాలిఫోర్నియాలోని మాంటెరే నుంచి హవాయిలోని హిలో దాకా 91 రోజుల్లో చేరారు. స్కాట్ డొనాల్డ్‌సన్ 2014లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌ల మధ్యనున్న టాస్మన్ సముద్రం దాదాపు దాటేసి, న్యూజిలాండ్ తీరం ఇక కొద్ది దూరమే అనగా హెలికాప్టర్‌లో రావాల్సి వచ్చింది. 2018లో మళ్ళీ బయలుదేరి 62 రోజుల్లో దాటారు. ఆ సముద్రాన్ని కయాక్‌లో ఒంటరిగా దాటిన మొదటి మనిషి ఆయనే. పీటర్ బ్రే 2000లో ఉత్తర అట్లాంటిక్‌లో నిద్ర లేచేసరికి పడవలోకి నీళ్ళు వచ్చేశాయి, పంపులు పనిచేయలేదు. లైఫ్ రాఫ్ట్‌లో చలికి కాళ్ళు దెబ్బతిని, మళ్ళీ నడక నేర్చుకోవడానికే నెలలు పట్టింది. మరుసటి ఏడాది కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ నుంచి ఐర్లండ్ దాకా 76 రోజుల్లో తెడ్డు వేశారు. ముగ్గురూ సాయం తీసుకున్నవారే. ముగ్గురూ తర్వాత దాటినవారే. ఈ పేర్లు మీరు అలిసిపోయిన రోజు గుర్తు రావాలి కాబట్టి, కాగితం వెనకవైపు రాసుకోండి.

ఇంకో ఇద్దరి గురించి కూడా చెప్పాలి. 1928లో ఫ్రాంజ్ రోమర్ కానరీ దీవుల నుంచి కరీబియన్‌కి మడత కయాక్‌లో 58 రోజుల్లో చేరారు. లోకం నివ్వెరపోయింది. అక్కడితో ఆగకుండా న్యూయార్క్ వెళ్ళాలని హరికేన్ల కాలంలో మళ్ళీ నీళ్ళలోకి దిగారు. తిరిగి రాలేదు. ఆండ్రూ మెకాలే 2006 డిసెంబరులో టాస్మన్ దాటడానికి బయలుదేరి, కయాక్‌లో కూర్చునే చోటైన కాక్‌పిట్‌లో రాత్రిపూట చలికి తట్టుకోవడం కష్టమని రెండు రోజుల్లోనే వెనక్కి తిరిగారు. అది ఎంతో ధైర్యమున్న నిర్ణయం. 2007 జనవరిలో మళ్ళీ వెళ్ళారు. దాదాపు నెల రోజుల తర్వాత, న్యూజిలాండ్ తీరం దగ్గరపడ్డాక, ఆయన రేడియో పిలుపు ఒకటి వినిపించింది. మర్నాడు కయాక్ బోల్తా పడి దొరికింది. ఆయన దొరకలేదు. ఆయన సన్నాహంలో తప్పు వెతకడం నా ఉద్దేశం కాదు, నేనెరిగినవారిలో అంత జాగ్రత్తగా సిద్ధమైనవారు తక్కువ. నేను చెప్పేదల్లా మీ పటంలో చివరి భాగాన్ని కూడా మొదటి భాగమంత కఠినంగా గీయమని. తీరం దగ్గరపడితే ప్రమాదం తగ్గిందనిపిస్తుంది. నీటి లోతు తగ్గేచోట అల నిక్కుతుంది, ఓడల రాకపోకలు పెరుగుతాయి, మీ ఒంట్లో శక్తి అప్పటికి అడుగంటి ఉంటుంది. ఇక చేరిపోయామన్న తొందరలో చేసే పనులు వేరు.

ఇక మీ వెనక్కి తిరిగే షరతులు. అవి మీ ఒంటికీ మీ పడవకీ తగ్గట్టు మీరే రాసుకోవాలి. కానీ అంకెల్లో రాయండి. ‘బాగా జబ్బు చేస్తే’ అని రాస్తే ఆ రోజు మీకు ఏ జబ్బూ ‘బాగా’ అనిపించదు. ‘24 గంటలు నీళ్ళు కడుపులో నిలవకపోతే’ అని రాయండి. ‘రెండు సీ యాంకర్లలో ఒకటి మొదటి భాగంలోనే పోతే’, ‘పది రోజులకి అనుకున్న దూరంలో సగం రాకపోతే’, ‘క్యాబిన్ తలుపు రబ్బరు అంచు మూడుసార్లు సరిచేసినా నీళ్ళు కారుతుంటే’. ఇలా రాస్తే ఒడ్డు మనిషి కూడా చదివి, నిజమా కాదా అని మిమ్మల్ని నిలదీయగలడు.

ఆ షరతులు గాల్లోంచి రావు, సాధనలోంచి వస్తాయి. బోల్తా పడ్డ కయాక్‌ని అందులో కూర్చునే తిరిగి నిలబెట్టడాన్ని రోల్ అంటాం. ఈత కొలనులో రోల్ వచ్చినంత మాత్రాన రోల్ వచ్చినట్టు కాదు. సామానంతా నింపిన కయాక్ బరువు వేరు, అది తిరిగే తీరు వేరు. నిండు బరువుతో, గాలి ఉన్న రోజున, ఎడమవైపు, కుడివైపు, రాత్రిపూట, ఒక చేతికి దెబ్బ తగిలిందనుకుని చేసి చూడండి. రోల్ తప్పిపోయి బయటపడ్డాక తిరిగి ఎక్కడం దానికన్నా ముఖ్యం. ఎక్కడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో గడియారం పెట్టి రాసుకోండి. చల్లటి నీళ్ళలో పడితే మొదటి నిమిషం ఊపిరి అదుపు చేసుకోవడానికే పోతుంది, తర్వాత దాదాపు పది నిమిషాలే చేతివేళ్ళు చెప్పిన మాట వింటాయి, స్పృహ ఇంకో గంట ఉన్నా వేళ్ళు లేని స్పృహతో చేయగలిగింది తక్కువ. నీళ్ళు ఒంట్లో వేడిని గాలికన్నా దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తాయి. మీరు ఎక్కడానికి పన్నెండు నిమిషాలు పడుతుంటే మీ సన్నాహం ఇంకా పూర్తవలేదు. మీ కయాక్‌ని నడుముకి కట్టే తాడు లేకుండా ఒక్క క్షణం కూడా ఉండొద్దు. గాలికి ఖాళీ కయాక్ మీరు ఈదగలిగే వేగం కన్నా ముందే వెళ్ళిపోతుంది.

నిద్రని కూడా సాధన చేయాలి. క్యాబిన్ ఉన్న కయాక్ అయితే దాన్ని లంగరు వేసి, అలలున్న చోట మూడు రాత్రులు అందులో పడుకోండి. గాలి రంధ్రాలు మూసేస్తే లోపల ఊపిరి ఎంతసేపటికి బరువెక్కుతుందో, తెరిచి ఉంచితే బోల్తాలో ఎంత నీరు లోపలికి వస్తుందో అప్పుడు తెలుస్తుంది. పడవ తనంతట తాను నిలబడేలా కట్టిందైతే, మీరు లోపల ఉండగానే, సామానంతా కట్టి ఉండగానే, ఒడ్డునున్న మనుషుల చేత దాన్ని తిరగేయించండి. లెక్క ప్రకారం నిలబడాల్సిన పడవ, ఒక పక్కకి జారిన తిండి సంచుల బరువుకి నిలబడకుండా ఆగిపోవడం నేను చూశాను. ఆ రోజు మేం నిలబడింది నడుంలోతు నీళ్ళలో.

నాలుగు రోజుల అసలు ప్రయాణం ఒకటి, కావాలని గాలీ అలలూ కాస్త ఎక్కువగా ఉన్న వాతావరణంలో చేసి రండి. మూడో రోజు సాయంత్రం ఒక లెక్క చేసి చూసుకోండి. ఉన్న చోటు, గాలి దిక్కు, రేపటి దారి. అదే లెక్కని ఒడ్డుకి వచ్చి నిద్రపోయి లేచాక మళ్ళీ చేయండి. రెండు జవాబులూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే, ఈ కాగితం ఎందుకని నన్ను మళ్ళీ అడగరు.

తిండీ నీళ్ళ గురించి మీకు నాకన్నా ఎక్కువ తెలుసు కాబట్టి రెండు మాటలే. రోజుకి 5000 కేలరీలు కావాలంటే నీళ్ళు తీసిన ఎండు ఆహారమైనా కిలో దాటుతుంది, తొంభై రోజులకి అది ఒక మనిషికన్నా ఎక్కువ బరువు. ఆ బరువు చూసి రోజులు తగ్గించుకోబుద్ధవుతుంది. 1987లో ఎడ్ గిలెట్ మాంటెరే నుంచి హవాయిలోని మావీకి మామూలు రెండు సీట్ల కయాక్‌లో 63 రోజుల్లో చేరారు. చివర్లో తిండి అయిపోయి టూత్‌పేస్ట్ కూడా తిన్నారు. నీళ్ళ విషయంలో, చేత్తో కొట్టే చిన్న మంచినీటి పంపు గంటకి లీటరు కూడా ఇవ్వదు. రోజుకి ఆరు లీటర్లు కావాలంటే, తెడ్డు వేసిన చేతులతోనే ఆరేడు గంటలు పంపు కొట్టాలి. అంటే మోటారు యంత్రం పోయిన రోజు నుంచి మీ వేగం సగం. ఆ లెక్కని కాగితంలో చేర్చండి.

చర్మం గురించి మాత్రం ఎంత చెప్పినా తక్కువే, ఎందుకంటే దీన్ని అందరూ చిన్నచూపు చూస్తారు. ఉప్పు ఆరి గింజకడితే, అది బట్టకీ ఒంటికీ మధ్య గరుకు కాగితంలా రుద్దుతుంది. కూర్చునే చోట, చంకల్లో, నడుం చుట్టూ ముందు ఎర్రబడుతుంది, తర్వాత పగులుతుంది, తర్వాత చీము పడుతుంది. అరవై ఏళ్ళు దాటాక మూడుసార్లు అట్లాంటిక్ దాటిన అలెగ్జాండర్ డోబా ఉప్పుకి ఒళ్ళంతా దద్దుర్లు లేచి, వీలున్నప్పుడల్లా బట్టలు తీసేసి తెడ్డు వేశారు. రాత్రి క్యాబిన్‌లోకి వెళ్ళేముందు ఒక గ్లాసు మంచినీళ్ళతో తడిపిన గుడ్డతో ఒళ్ళు తుడుచుకోవడానికి నీళ్ళ లెక్కలో చోటుంచండి. పుండు జ్వరంగా మారితే మందు ఏది, ఎన్నాళ్ళు వేయాలో డాక్టరు చేత ముందే రాయించుకుని, ఒక ప్రతి నాకూ ఇవ్వండి. శాటిలైట్ సందేశంలో మందు పేరు వెతుక్కునే ఓపిక ఆ రోజు మీకు ఉండదు.

ఇక మౌనం గురించి. డోబా 2013లో లిస్బన్ నుంచి బయలుదేరిన ప్రయాణంలో ఆయన శాటిలైట్ ఫోన్ 47 రోజులు పనిచేయలేదు. ఒడ్డున ఉన్నవారికి ఆ 47 రోజులూ ఎలా గడిచి ఉంటాయో ఊహించుకుంటేనే నాకు అరచేతులు చెమర్చుతాయి. మౌనాలన్నీ ఒకటి కావు, వాటికి ముందే అర్థాలు పెట్టుకోవాలి. ఫోన్ ఆగి ట్రాకర్ చుక్క కదులుతుంటే ఒక అర్థం. చుక్క కూడా ఆగితే ఇంకో అర్థం. చుక్క కదులుతోంది గానీ మీరు తెడ్డు వేసే వేగంతో కాక గాలివాటున కదులుతుంటే దానికి మరో అర్థం. ఒక్కోదానికి ఎన్ని గంటలు ఆగాలో, ఆ తర్వాత ఎవరికి ఫోన్ చేయాలో రాయండి. రెండు పరికరాలు వేర్వేరు శాటిలైట్ వ్యవస్థల మీద నడిచేవి తీసుకెళ్ళండి, వాటిని వేర్వేరు చోట్ల దాచండి.

బీకన్ అన్నిటికన్నా చివరి మాట. 406 మెగాహెర్ట్జ్ మీద అది వేసే కేకని కోస్పాస్-సార్‌శాట్ వ్యవస్థ శాటిలైట్లు అందుకుని గాలింపు కేంద్రానికి చేరుస్తాయి. మీ పేరు మీద నమోదు కాకపోతే, ఆ కేక ఎవరిదో తెలుసుకోవడానికే విలువైన సమయం పోతుంది. నమోదులో ఒడ్డు మనిషి ఫోన్ నంబరు రాయండి, ఆ నంబరుకి రాత్రి కూడా ఎవరో ఒకరు పలకాలి. పడవ బీకన్ కనీసం 48 గంటలు, ఒంటికి కట్టుకునే చిన్నది కనీసం 24 గంటలు మోగాలి. ఒంటిది ఒంటి మీదే ఉండాలి. సామాను గదిలో (హ్యాచ్‌లో) దాచిన బీకన్ పడవతోపాటు కొట్టుకుపోతే అది పడవని కాపాడుతుంది.

ఓడల సంగతి. కయాక్‌లో కూర్చుంటే మీ కన్ను నీటికి మీటరు ఎత్తు కూడా ఉండదు, ప్రశాంతంగా ఉన్న రోజున కూడా దిగంతం మూడున్నర కిలోమీటర్ల దూరంలోనే ఉంటుంది. పెద్ద అలల్లో అల అడుగున ఉన్నప్పుడు పక్క అలే మీ లోకం. చేతి రేడియో కూడా చూపు ఆనినంత మేరకే పలుకుతుంది. గంటకి 20 నాటికల్ మైళ్ళ వేగంతో వచ్చే ఓడ పది కిలోమీటర్లు దాటడానికి పట్టేది పదహారు నిమిషాలు. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం తెడ్డు పడవ దీపాలు పెట్టుకోకపోతే, తెల్లటి టార్చి చేతికందేలా ఉంచుకుని సమయానికి చూపిస్తే చాలు. చట్టానికి చాలు గానీ మీకు చాలదు. మీ ఉనికిని ఓడల తెర మీద చూపించే ఏ.ఐ.ఎస్. ట్రాన్స్‌పాండర్ పెట్టుకోండి, నిద్రపోయేటప్పుడు దానికి బ్యాటరీలో మొదటి వాటా ఇవ్వండి. ఎప్పుడూ కాపలా ఉండాలన్నది కూడా అదే నిబంధనల్లో ఉంది. ఒంటరివాడు నిద్రపోయిన ప్రతిసారీ దాన్ని తప్పుతున్నాడు. కనీసం ఆ మాట మరిచిపోకుండా నిద్రపోవాలని నా కోరిక.

మీలో కొందరికి ఈ లేఖ నచ్చదని తెలుసు. ఒంటరిగా వెళ్ళడమంటే ఒంటరిగా తేల్చుకోవడమని, ఒడ్డున ఇంకొకరు గీతలు గీస్తే అది ఒంటరి ప్రయాణమే కాదని నాతో వాదించినవారున్నారు. వాళ్ళ మాటలో నిజముంది. పడవలో ఉన్న మనిషి స్వేచ్ఛ మీద చేయి వేయడం నాకూ ఇష్టం లేదు. కానీ నా స్నేహితుడి కోసం దారి మళ్ళిన ఆ ఓడలో ఇరవై మందికి పైగా ఉండి ఉంటారు. ఆపదలో ఉన్నవాణ్ణి కాపాడాలన్నది సముద్రం మీద ప్రతి కెప్టెన్ మీదా ఉన్న బాధ్యత. మీరు అడగకపోయినా, మీ మౌనాన్ని బట్టి వాళ్ళు వస్తారు. వాళ్ళని ఎప్పుడు పిలవాలో, ఎప్పుడు పిలవక్కర్లేదో మీరే తేల్చి రాసిస్తే, అప్పుడు ఆ నిర్ణయం పూర్తిగా మీది. రాయకపోతే, అర్ధరాత్రి రెండింటికి గోడ గడియారం చూస్తూ కూర్చున్న నాది. మీ ఇంట్లోవాళ్ళది. ఆ భారం వాళ్ళ మీద పెట్టి వెళ్ళకండి. కాగితం ఒక ప్రతి వాళ్ళకీ ఇచ్చి, ఎదురుగా కూర్చోబెట్టుకుని చదివి వినిపించండి. వాళ్ళు ఏడుస్తారు. అయినా వినిపించండి.

ఒడ్డు మనిషిని ఎంచుకునేటప్పుడు మీకు భయపడని మనిషిని ఎంచుకోండి. మిమ్మల్ని ఎక్కువగా ఆరాధించేవాళ్ళు ఈ పనికి పనికిరారు. ‘కుదరదు, తిరిగి రా’ అని సందేశం పంపగలిగినవాళ్ళు కావాలి. వాళ్ళూ మనుషులే కాబట్టి ఇద్దరుంటే మేలు, ఒకరు నిద్రపోయినప్పుడు ఇంకొకరు మేలుకునేలా.

నా స్నేహితుడు వచ్చే ఏడాది మళ్ళీ బయలుదేరుతున్నాడు, ఈసారి పెద్ద దారి. కయాక్ అడుగుభాగానికి ముదురు నారింజ రంగు వేయించాడు. బీకన్ నంబరు, మందుల పట్టీ, జాకెట్ రంగు, మూడు భాగాల పటం, తొమ్మిది షరతులు నా దగ్గర ఉన్నాయి. ఒక్క గడి ఖాళీగా ఉంది. ట్రాకర్, ఫోన్ రెండూ ఆగిపోతే ఎన్ని గంటలు ఆగాలన్నది. అతను 36 అంటున్నాడు, నేను 24 అంటున్నాను. అతని భార్య ఈ ఆదివారం మా ఇద్దరినీ కూర్చోబెట్టి తేలుస్తానంది. మీ కాగితాల్లో ఆ గడిలో ఏ అంకె వేశారో, ఎందుకు వేశారో రాసి పంపితే, ఆదివారంలోగా అందితే, మాకు ఎంతో పనికొస్తుంది.

మీ క్షేమం కోరే,
ఒక ఒడ్డు మనిషి